నాడె కట్టిన దారం

నిచ్చెన పైమెట్టు మీద నిలబడి, సీలింగు పలక తీసిన సందులోకి భుజాల దాకా దూరి, వెంకటముని నాడెను విసిరాడు. ఒకప్పుడు మరమగ్గంలో అటూ ఇటూ పరుగెత్తిన కొయ్యనాడె అది. చేతుల చెమటకు నల్లబడింది, రెండు కొసలా ఇనుపములుకులు. దాని తోకకు కట్టిన నైలాను దారంతో సహా చీకట్లో జారుకుంటూ పోయి అవతలి గది మీద ఆగింది. ఇక దారానికి కేబుల్ కట్టి లాగడమే. ఎప్పుడూ పనయ్యాక దారాన్ని పైనే వదిలేస్తాడు, తర్వాత వచ్చేవాడికి పనికొస్తుందని. నాడెను మాత్రం విప్పి సంచిలో వేసుకుంటాడు.

తిరుపతి కొర్లగుంటలో వెండిసామాన్ల అంగడి మీది అంతస్తు. యదునందన్ ఇక్కడ పెళ్ళి వీడియోలు ఎడిట్ చేయిస్తాడు. పెళ్ళి వీడియోలన్నీ ఒకే సర్వర్ పెట్టెలో ఉండాలి, ఎడిట్ చేసే నలుగురూ ఒకేసారి తెరిచినా బొమ్మ తడబడకూడదు. ఆ పెట్టె ఫ్యాన్ల సద్దు, ధ్వని సరిచేసే గోదాదేవి గదికి అస్సలు వినపడకూడదు. ఇది కుదిరితే చిత్తూరు ఆఫీసు పని కూడా నీదేనన్నాడు.

వేగం సంగతి వెంకటమునికి తెలుసు. సద్దు దగ్గరే గుబులు. నగరిలో సగం వయసు మగ్గాల రొదలో గడిచింది. ఇప్పుడు ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. ఆ సంగతి భార్య వనజాక్షికి తప్ప ఎవరికీ తెలియదు.

పొద్దున పెట్టెను గోదాదేవి గది వెనక అలమరలో పెట్టి, గోడకు అరచెయ్యి ఆనించాడు. వేళ్ళ కింద సన్నటి వణుకు. తీసి మెట్ల కింది సామాన్ల గదికి మార్చాడు. తన పాత హవాయి చెప్పు కోసి, ఆ ముక్కలు దాని కింద వేశాడు. మళ్ళీ వచ్చి గోడను తాకాడు. గోడ నిద్రపోతున్నట్టుంది.

పులుసన్నం తింటుంటే వాళ్ళ నాయన గుర్తొచ్చాడు. పోగు తెగింది చూసుకోక ఒక చీర పాడుచేసి, ఆ సాయంత్రమే మగ్గం దిగాడు. "తెగిన పోగు కనపడనోడికి మగ్గమెందుకురా" అన్నాడు. మళ్ళీ ఎక్కలేదు.

సాయంత్రానికి నాలుగు తెరల మీదా నాలుగు పెళ్ళిళ్ళు ఆడాయి.

"కాలవలో నీళ్ళు పోయినట్టు పోతాండాది గదా!" అని యదునందన్ అతని వీపు చరిచాడు.

గోదాదేవి తన గదిలోకి పిలిచి కుర్చీ చూపింది. "నువ్వూ ఒక పెళ్ళి చూడు మునన్నా" అంటూ హెడ్‌ఫోన్లు అతని చెవులకు పెట్టింది. తెర మీద నాదస్వరం ఆయన బుగ్గలు పొంగించి ఊదుతున్నాడు. వెంకటముని కళ్ళు అరమూసి తల ఊపాడు.

"బలే ఉండాది పాపా. తేనె పోసినట్టుండాది నాదస్వరం."

మౌస్ మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. పొరపాటున తెరిచిన ఆ పెళ్ళికి ఆమె ఇంకా శబ్దం జోడించనే లేదు.

వెంకటముని ఆమె ముఖం చూశాడు. హెడ్‌ఫోన్లు తీసి మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"సార్‌కి చెప్పనులే అన్నా" అంది ఆమె, పెదాలు బాగా కదిలిస్తూ. "గది మాత్రం నిశ్శబ్దంగా ఉంది. నిజంగా."

"నువ్వు చెప్తేనే గదా తల్లీ నాకు తెలిసేది."

బయట యదునందన్ టీ అందించాడు. "సోమవారం చిత్తూరికి వచ్చేయ్ అన్నా."

"ఇంగొకర్ని సూసుకో సార్."

"ఏంది, అప్పుడే అలకా? పెండ్లికొడుకువి కూడా కాదే!"

"సెవులు పోయినాయి సార్. ఈడ పాప వినింది గాబట్టి సరిపాయ."

యదునందన్ నవ్వు ఆగింది. "వినేదానికి మేం లేమా? నువ్వు పెట్టె పెట్టు చాలు."

"నాకు చాలదు సార్" అని వెంకటముని టీ ముగించాడు.

నిచ్చెన ఎక్కి, తీసిన పలకను ఎక్కడిదక్కడ బిగించి దిగాడు. చేతులు దులుపుకుని, సంచి భుజానేసుకుని నగరి బస్సుకు బయల్దేరాడు. సంచి తేలిగ్గా ఉంది.

సీలింగు మీద, కొత్త కేబుళ్ళ పక్కన, దారం కొసన నాడె పడుకుని ఉంది.