గడప దాటని చెయ్యి

మహారాష్ట్రలో తాస్‌గావ్ చుట్టుపక్కల ద్రాక్ష కోతలు మొదలయ్యాయంటే ఆడవాళ్ళకు తల దువ్వుకునే తీరిక కూడా ఉండదు. బాపూసాహెబ్ ప్యాకింగ్ షెడ్డులో పొడవాటి బల్లలకు అటూ ఇటూ నిలబడి, సన్నమూతి కత్తెరలతో గుత్తుల్లోంచి పగిలిన పళ్ళనూ గిడసబారిన పళ్ళనూ కత్తిరించి పారేస్తుంటారు. తలకు టోపీ, మూతికి గుడ్డ, ఒంటి మీద తెల్లకోటు. మెడలో గానీ చేతులకు గానీ చెవులకు గానీ ఏమీ ఉండకూడదు. ఒక ఏడాది గాజుముక్క ఒకటి ద్రాక్ష డబ్బాలో పడి విదేశం దాకా వెళ్ళింది. ఆ లోడు మొత్తం వెనక్కి తిరిగొచ్చింది. అప్పటినుంచీ ఈ నియమం.

నియమం పెట్టింది బాపూసాహెబే అయినా, దానికి ఆడవాళ్ళను ఒప్పించింది ఇందూతాయి. షెడ్డులో పనివాళ్ళ మీద పెత్తనం ఆమెది. "మెళ్ళో సూత్రం తీసి ఇనప బీరువాలో పడెయ్యాలా? ఎంత అపశకునం!" అని అందరూ మొండికేస్తే, బట్టలు మార్చుకునే గదిలో తుల్జాభవాని పటం పెట్టించి, దాని ముందు ఒక ఇత్తడి పళ్ళెం ఉంచింది. "మన సౌభాగ్యం అమ్మవారి దగ్గరుంటే ఇంక భయమేంటే? పొద్దున తీసి ఇక్కడ పెట్టండి, సాయంత్రం కళ్ళకద్దుకుని వేసుకోండి" అంది. ఆ మాట అందరికీ నచ్చింది. ఇన్నేళ్ళలో ఆ పళ్ళెంలోంచి ఒక్క నల్లపూస కూడా పోలేదు.

ఆ శుక్రవారం సాయంత్రం మాత్రం అశ్విని మంగళసూత్రం కనపడలేదు.

అశ్విని కొత్త కోడలు. పెళ్ళయి పట్టుమని ఆర్నెల్లు కాలేదు. ఎక్కడన్నా జారిపడిందేమోనని పళ్ళెం తిరగేసింది, బోర్లించింది, బల్ల కింద పాకింది, చివరికి నేల మీద చతికిలబడి ఏడుపు లంకించుకుంది. "మా అత్త నన్ను బతకనివ్వదు తాయీ! బోసిమెడతో గుమ్మం ఎక్కితే కాళ్ళు విరగ్గొడుతుంది!"

ఎవరూ ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. అందరి కళ్ళూ కిటికీలోంచి బయట కుళాయి వైపే వెళ్ళాయి. అక్కడ షేవంత చెయ్యి కడుక్కుంటోంది.

షేవంత పార్ధీ ఆడకూతురు. ఊరి చివర గుడారాల్లో ఉండే జనం వాళ్ళు. వెనకటికి తెల్లదొరలు కొన్ని కులాలను పట్టుకుని పుట్టుదొంగలని చట్టం రాశారు. వాటిలో పార్ధీలూ ఉన్నారు. ఆ చట్టం పోయి ఎన్నో ఏళ్ళయింది గానీ ఊళ్ళో ఎవరింట్లో కోడి పోయినా పోలీసులు ముందు ఆ గుడారాలకే వెళ్తారు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా, అలాంటి బతుకు వాళ్ళది.

ఈ ఏడు కాపు విరగకాసి మనుషులు చాలకపోతే ఇందూతాయే ఆమెను పనిలోకి తీసుకుంది. ఆ గుడారాల్లోంచి షెడ్డు పనికి వచ్చిన మొదటి మనిషి షేవంతే. తీసుకునే రోజునే ఇందూతాయి ఒక షరతు పెట్టింది. "చూడమ్మాయ్, ఆ గదిలోకి మాత్రం రాకు. అందరి సొమ్ములూ అక్కడే ఉంటాయి. రేపు ఏదన్నా జరిగితే నీకే మాట." ఆ పిల్ల మంచికే చెబుతున్నానని ఆమె మనస్ఫూర్తిగా అనుకుంది. అప్పటినుంచీ షేవంత తన గాజులూ పూసలూ బయట కుళాయి పక్కనున్న మేకుకే తగిలించుకుంటోంది.

అనుమానానికి ఒక గుణముంది. ఒకసారి మనసులో చోటిస్తే, సాక్ష్యాలు అదే వెతికి తెచ్చుకుంటుంది. ఇందూతాయికి ఆ పగలంతా ఇప్పుడు కొత్తగా కనిపించసాగింది. మధ్యాహ్నం అందరూ పనిలో ఉండగా షేవంత ఒక్కతే చెప్పకుండా బయటికి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు ఎడమ గుప్పిలి బిగించి ఉంది. తను పలకరిస్తే తల వంచుకుంది. కొంగున ఏదో మూట కూడా ఉంది. ఇంకేం కావాలి?

"షేవంతా, ఇలా రా!"

షేవంత వచ్చి గడప అవతలే ఆగింది.

"మధ్యాహ్నం ఎక్కడికెళ్ళావే?"

"ఎక్కడికీ వెళ్ళలేదు తాయీ. కుళాయి దాకా వెళ్ళానంతే."

"గుప్పిట్లో ఏం దాచావు?"

షేవంత ఎడమ చెయ్యి కొంగు కిందికి పోయింది.

"చూశారా, చూశారా, దాస్తోంది!" అంది రుక్మిణి. ఆమె నోరు షెడ్డులోకెల్లా పెద్దది. "నేను ఆ రోజే చెప్పాను. పిల్లిని పాల దగ్గర కాపలా పెట్టకండర్రా అని. వింటేనా!"

ఇందూతాయి ఆ చెయ్యి పట్టి లాగి విప్పింది. చూపుడువేలికి తడిగుడ్డ చుట్టి ఉంది, గుడ్డకు నెత్తురు. కత్తెర మొన దిగబడింది. ద్రాక్ష మీద నెత్తుటి బొట్టు పడితే ఆ బల్ల మీది సరుకంతా పారబోస్తారని, ఆ మనిషిని మర్నాడు పనికి రానివ్వరని షెడ్డులో అందరికీ తెలుసు. వేలు తెగితే అందరూ దాచేవాళ్ళే. కిందటేడు రుక్మిణీ దాచింది.

ఇందూతాయి మనసు క్షణం తడబడింది. అయినా వెనకాల అంతమంది చూస్తున్నారు. "కొంగు విప్పు" అంది.

మూటలో సగం జొన్నరొట్టె, కాస్త బెల్లం ఉన్నాయి. రుక్మిణి తెల్లకోటు జేబులు తిరగేసింది, జుట్టుముడి విప్పించింది, చీర కుచ్చిళ్ళు దులిపించింది. గోడ అవతల లారీకి డబ్బాలెక్కించే మగవాళ్ళు పని ఆపి మెడలు సాచి చూస్తున్నారు. షేవంత కళ్ళు నేల మీదనుంచి లేవలేదు. ఏమీ దొరకలేదు. దొరకకపోవడం వల్ల అనుమానం తగ్గాలి కదా? ఇంకా పెరిగింది. "ఎవడికో అందించేసుంటుంది. ఈపాటికి గుడారాల్లోకి చేరిపోయుంటుంది" అంది రుక్మిణి.

బాపూసాహెబ్ చేతి గడియారం చూసుకుంటూ వచ్చాడు. చీకటి పడేలోగా లారీ కదలాలని ఆయన తొందర. సంగతి అప్పటికే విన్నాడు. "మనకెందుకీ తలనొప్పి? పోలీసులకు ఫోను చేశాను. వాళ్ళే గుడారాలు వెతుక్కుంటారు" అన్నాడు.

ఆ మాట వినగానే షేవంత మొదటిసారి తలెత్తింది.

"వద్దు సాహెబ్! నన్నేమన్నా చెయ్యండి, పోలీసుల్ని గుడారాలకి మాత్రం పంపకండి. వాళ్ళొస్తే అడగరు, కొడతారు. మా మామ కిందటిసారి దెబ్బలకే ఇంకా మంచం దిగలేదు. మా ఆడబిడ్డ నిండు నెలల మనిషి." ఆమె ఇందూతాయి వైపు తిరిగింది. "తాయీ, మీరు చెప్పండి. నేను ఎప్పుడన్నా ఈ గడప దాటానా? దాటొద్దన్నది మీరే కదా?"

నిజమే. ఆ సంగతి ఇందూతాయికి బాగా తెలుసు. తెలిసి కూడా నోరు పెగల్లేదు. 'గడప దాటకుండానే తీయగలరు వీళ్ళు, వీళ్ళ విద్యలు మనకేం తెలుసు' అని లోపల ఏదో గొణిగింది. పాఠకులారా, చదువుకున్నవాళ్ళ లోపల కూడా ఆ గొణుగుడు ఉంటుంది. మనం ఒప్పుకోం, అంతే.

జీపు వచ్చేలోగా అశ్వినిని కాస్త ఊరుకోబెడదామని ఇందూతాయి ఆమె పక్కన కూర్చుంది. "ఏడవకే. పళ్ళెంలో ఏ పక్కన పెట్టావో గుర్తు చేసుకో."

"పళ్ళెంలో పెట్టలేదు తాయీ."

"మరి?"

"కొత్త సూత్రం కింద ఆనకూడదంది మా అత్త. అందుకని పళ్ళెంలో పెట్టకుండా అమ్మవారి పటం మూలకి తగిలించాను. దండ పక్కనే."

"ఇంతసేపూ ఎందుకు చెప్పలేదే?"

"నన్నెవరూ అడగలేదుగా!"

ఎవరూ అడగలేదు. పోయిన వస్తువు ఎక్కడ పెట్టావని పసిపిల్లలు కూడా ముందు అడిగే ప్రశ్న. దొంగ ముందే దొరికిపోయాక ఆ ప్రశ్నతో ఎవరికేం పని?

ఇందూతాయి పటం వైపు చూసింది. తాజా బంతిపూల దండ మెరుస్తోంది. శుక్రవారం శుక్రవారం ఆ దండ మార్చేది ఆమే. అమ్మవారి పటాన్ని ఇంకెవరూ ముట్టుకోరు. ఆ ఉదయం ఆడవాళ్ళంతా పనిలోకి వెళ్ళాక, పువ్వులు ఆలస్యంగా వస్తే, గబగబా పాత దండ లాగింది. అది దేనికో తట్టుకుంది. దారం చిక్కుపడిందనుకుని ఇంకాస్త గట్టిగా లాగి, కళ్ళకద్దుకుని, నిర్మాల్యం సంచిలో వేసింది. దేవుడి పూలు చెత్తలో వెయ్యరు. సంచి నిండాక నదిలో కలుపుతారు.

ఎవరికీ చెప్పకుండా లేచి షెడ్డు వెనక్కి నడిచింది. గోడకు వేలాడుతున్న సంచిలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. వాడిన పువ్వుల మధ్య వేళ్ళకు పూసలు తగిలాయి. దండ దారానికి మెలిపడి, చిన్న గిన్నెల్లాంటి రెండు బంగారు బిళ్ళలతో, అశ్విని మంగళసూత్రం.

చుట్టూ ఎవరూ లేరు. ఇందూతాయి దాన్ని గుప్పిట్లో పెట్టుకుని నిలబడిపోయింది. తీసుకెళ్ళి బల్ల కింద జారవిడిస్తే చాలు. "ఇదిగో, ఇక్కడే పడుంది" అంటే పోలా? తన మాటకు మచ్చ రాదు. అశ్విని నవ్వుతుంది, లారీ కదులుతుంది. కానీ రుక్మిణి ఏమంటుంది? "పోలీసులొస్తున్నారనగానే భయపడి పడేసింది చూశావా" అంటుంది. అందరూ తల ఊపుతారు. సొమ్ము దొరికినా షేవంత దొంగగానే ఉండిపోతుంది, జీపు గుడారాలకు వెళ్ళనే వెళ్తుంది. ముప్పావు జీవితం పూజలూ వ్రతాలూ చేసిన మనిషికి తన మీద తనకే అసహ్యం వేసింది.

ముందు వైపు జీపు ఆగిన చప్పుడు వినపడింది.

ఆమె వెళ్ళేసరికి ఒక జమేదారు షేవంతను ఎదురుగా నిలబెట్టుకుని, "ఏ గుడారమే మీది? మొగుడి పేరేంటి?" అని అడుగుతున్నాడు. ఇందూతాయి అందరి మధ్యకూ వచ్చి గుప్పిలి విప్పింది.

"దొరికింది. తీసింది నేను."

ఆమె జరిగిందంతా చెప్పింది. దండ లాగడం, తట్టుకోవడం, చూసుకోకుండా సంచిలో వెయ్యడం, ఒక్కటీ దాచలేదు.

బాపూసాహెబ్ నవ్వేశాడు. "అదా సంగతి! పెద్దమనిషివి, పరధ్యానంలో జరిగిపోయింది. పోనీలే తాయీ. పదండి, పదండి, పనులు చూసుకోండి."

జమేదారుకు మాత్రం వచ్చిన పని వృథా అయినట్టుంది. "ఎలాగూ వచ్చాం కదా. ఆ గుడారాలు ఓసారి చూసొస్తాం" అన్నాడు.

ఇందూతాయి జీపుకు అడ్డంగా నిలబడింది. "ఏ నేరానికి బాబూ? సొమ్ము సంచిలో వేసింది నేను. వెతికితే మా ఇల్లు వెతకండి, నేను జీపు ఎక్కుతాను. లేకపోతే వచ్చిన దారినే వెళ్ళండి."

అంత పెద్దావిడను జీపెక్కించే ధైర్యం అతనికి లేదు. బాపూసాహెబ్ వైపు చూశాడు. ఆయన లారీ వైపు చూస్తున్నాడు. జమేదారు గొణుక్కుంటూ జీపు వెనక్కి తిప్పించాడు.

అశ్విని సూత్రాన్ని కళ్ళకద్దుకుని మెళ్ళో వేసుకుంది. ఇందూతాయి షేవంత దగ్గరకు వెళ్ళి రెండు చేతులూ పట్టుకుంది. "తప్పయిపోయిందమ్మా. రేపు రాకు, ఇంట్లో ఉండి ఆ వేలు మాననివ్వు. కూలి నేనిప్పిస్తాను."

షేవంత నెమ్మదిగా చేతులు వెనక్కి తీసుకుంది.

"దండ మీరు లాగితే పరధ్యానం అన్నారు తాయీ. అదే నా చేత్తో లాగి, సొమ్ము అదే సంచిలో దొరికుంటే? అక్కడ దాచిందనేవాళ్ళు." "రేపు వస్తాను. రాకపోతే, ఏదో చేసింది కాబట్టే మొహం చాటేసిందంటారు. మాకు అలిగే వీలు కూడా లేదు."

ఆమె మేకు మీది గాజులు తీసుకుని గుడారాల దారి పట్టింది. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేక పళ్ళెం చుట్టూ నిలబడ్డారు.

ఇందూతాయి వాళ్ళ వైపు తిరిగి అంది: "అశ్విని సొమ్ము అశ్వినికి దొరికింది. ఇంతమంది కళ్ళ ముందు ఆ పిల్ల దగ్గర మనం లాక్కున్న పరువు ఎక్కణ్ణుంచి తెచ్చిస్తామర్రా? పుట్టుక చూసి మనిషిని దొంగ అనడాన్ని మించిన దొంగతనం లేదు. ఆ దొంగతనం ఇవాళ మనమందరం కలిసి చేశాం."