నిండని ట్యాంకు

సెప్టిక్ ట్యాంకు లారీ సందులోకి తిరిగిందంటే చాలు, కిటికీలు టపటపా మూసుకుంటాయి. ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని జనం లోపలికి పోతారు. వాళ్ళనేమీ అనలేం, పని అలాంటిది. కానీ ఆ సందు చివరింట్లో పెద్దక్కగారు మాత్రం ఆ రోజున బీరువాలోంచి ఇస్త్రీ బట్టలు తీసి వేసుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని, లారీ రాకముందే పెరట్లో నిలబడి ఉండేవారు. ఇరవయ్యేళ్ళుగా ఈ పని చేస్తున్న లారీ తమ్ముడికి, తన లారీ కోసం ముస్తాబయ్యే మనిషి మరొకరు తగల్లేదు.

లారీ తమ్ముడన్నది ఆయనకి ఆ ఇంట్లో పెట్టిన పేరు. అక్కడున్నది ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఆ ఇద్దరికీ ఆయన తమ్ముడే. పెద్దక్కగారు బట్టలు కుడతారు, ఒక్కరే ఉంటారు. చిన్నక్కగారు పసిపిల్లల బళ్ళో టీచరు, ఆవిడకి భర్త, ఇద్దరు పిల్లలు. తల్లి పోయాక ఇల్లు రెండుగా పంచుకుంటే పెరటి మధ్యలో రొమ్మెత్తు గోడ లేచింది. గదుల దగ్గర పేచీ రాలేదు. గిన్నెల దగ్గరా రాలేదు. తల్లి కుట్టుమిషను దగ్గర వచ్చింది. "అమ్మ గుర్తుగా నాకివ్వు" అంది చెల్లెలు. "నాకు అన్నం పెడుతున్నదే అదైతేనూ" అంది అక్క. మాట మీద మాట పెరిగి, నీతో మాట్లాడితే ఒట్టని ఒకరంటే, నాకూ ఒట్టేనని ఇంకొకరు. అంతే, ఆరేళ్ళు గడిచిపోయాయి. ఒకే తల్లి కడుపున పుట్టారనడానికి ఆ మొండితనం ఒక్కటి చూస్తే చాలు.

అన్నీ పంచుకున్నారు గాని ట్యాంకుని పంచుకోవడం వాళ్ళ తరం కాలేదు. అది సరిగ్గా గోడ కిందే ఉంది. లోపల రెండు గదులు. మడ్డి దిగే పెద్ద గది మూత చెల్లెలి పెరట్లో, తేరిన నీళ్ళు చేరే చిన్న గది మూత అక్క పెరట్లో. తియ్యాలంటే రెండు మూతలూ లేవాలి, రెండు పెరళ్ళలోనూ మనిషి నిలబడాలి. మామూలు రోజుల్లో అక్క అడుగుల చప్పుడు వినిపిస్తే చెల్లెలు చటుక్కున లోపలికి వెళ్ళిపోయేది. లారీ రోజున మాత్రం వెళ్ళడానికి లేదు. పిల్లలు ఆడుకునే పెరట్లో మూత తెరిచి ఉంటే ఎవరో ఒకరు కాపలా ఉండాల్సిందే.

ఆ గంటసేపూ మాటలన్నీ తమ్ముడి మీదుగా నడిచేవి.

"తమ్ముడూ, మూత పక్కన పూలకుండీ ఉంది, జరిపి పెట్టుకోమను."

"ఎప్పుడో జరిపానని చెప్పు తమ్ముడూ."

"పిల్లాడి దగ్గు తగ్గిందేమో కనుక్కో. ఊరికే కాదు, ట్యాంకు లెక్క కోసం. జబ్బు మనిషి ఇంట్లో ఉంటే నీళ్ళ వాడకం ఎక్కువ కదా."

"తగ్గిందని చెప్పు. రాత్రి హాయిగా నిద్రపోయాడని కూడా చెప్పు. ట్యాంకు లెక్క కోసమే."

ఇద్దరి మధ్యా రెండు బారల దూరం లేదు, ఒకరి మాట ఒకరికి వినపడుతూనే ఉంది. అయినా ఆయన ప్రతి మాటా అటునించి ఇటు, ఇటునించి అటు మళ్ళీ చెప్పాలి. చెప్పకపోతే రెండోవాళ్ళు విననట్టే నిలబడేవారు. గొట్టం పట్టుకోవడానికే రెండు చేతులూ చాలని మనిషికి ఇదొక అదనపు డ్యూటీ. విసుక్కునేవాడే, కానీ లోపల ఎక్కడో బాగుండేది.

ఇందులో ఒక గుట్టు ఉంది. అది ఆయనకీ, పెద్దక్కగారికీ తప్ప మూడో మనిషికి తెలియదు. ఆ ట్యాంకుని ఏటా తియ్యాల్సిన అవసరమే లేదు. ఐదుగురు మనుషులకి అంత పెద్ద ట్యాంకు నాలుగేళ్ళు వస్తుంది. మొదటిసారి ఫోను చేసిన ఏడాదికే పెద్దక్కగారు మళ్ళీ చేస్తే, ఆయన కర్ర దించి చూసి, గోడ దగ్గరికొచ్చి మెల్లిగా చెప్పాడు కూడా. "ఇంకా మూడేళ్ళు ఆగొచ్చు అక్కగారూ."

"తెలుసు. తియ్యి."

"దేనికండీ?"

"తియ్యమన్నానా. నిండలేదని దానికి మాత్రం చెప్పకు. నాకు మాటివ్వు."

ఇదేం పిచ్చో అనుకుంటూ మాటిచ్చాడు. పంపు నడుస్తున్నంతసేపూ ఆవిడ లారీని చూడలేదు, గొట్టాన్నీ చూడలేదు. గోడ అవతల మూతకి కాపలా నిలబడ్డ చెల్లెల్ని చూస్తూ నిలబడ్డారు. చెల్లెలు తల ఇటు తిప్పగానే చూపు మార్చేసుకున్నారు. ఇస్త్రీ బట్టల సంగతి ఆయనకి అప్పుడు బోధపడింది. ఇక ఏ ఏడూ దేనికని అడగలేదు. సూక్ష్మజీవులు బతకాలని అడుగున కాస్త మడ్డి ఉంచి, పైపైన తీసి, వాళ్ళిద్దరి మాటలూ మోసి, ఇద్దరిళ్ళలోనూ టీ తాగి వచ్చేసేవాడు.

ఈ ఏడు ఫోను ముందుగా చిన్నక్కగారి దగ్గర్నించి వచ్చింది. లారీ వద్దు, నువ్వొక్కడివే రా అన్నారు. వెళ్తే ఇంటి పక్క ఖాళీ జాగాలో సున్నంతో గీసిన పెద్ద చదరం చూపించారు.

"మాకు వేరే ట్యాంకు కట్టించుకుంటున్నాం. రేపు మేస్త్రి తవ్వకం మొదలుపెడతాడు. లోతు ఎంతుండాలో చెబుతావని పిలిచాను."

ఆయన సున్నం గీత వంక చూశాడు. "ఉన్నది బాగానే ఉంది కదండీ."

"ఏం బాగు? ఏడాది తిరిగేసరికి నిండుతోంది. ఎవరి వల్ల? అక్క ఒక్కత్తే, మేం నలుగురం. మా మురికికి ఆవిడ ఏటా నీకు ఫోన్లు చేసి, ఆ వాసనలో గంటసేపు నిలబడాలా? పోయినేడు చూశాను, మోకాలు పట్టేసి గోడ ఆసరా చేసుకుంది. నాకు సిగ్గేసింది తమ్ముడూ." ఆవిడ గొంతు తగ్గించారు. "మాటల్లేవు గాని, అక్క కాకుండా పోయిందా. నేను చెయ్యగలిగింది ఇదొక్కటే. వేరే ట్యాంకు ఉంటే ఆవిడ ట్యాంకు ఇక పదేళ్ళు తెరవక్కర్లేదు."

నిండడం లేదండీ అన్న మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. ఇచ్చిన మాట ఒకటి ఏడ్చింది కదా అడ్డంగా.

"కొత్తది కట్టేముందు పాతది కొలవాలండీ," అన్నాడు చివరికి. అది అబద్ధం కాదు, పద్ధతి అదే. "రేపొద్దున్నే వస్తాను. మేస్త్రిని నేను కొలిచాక మొదలుపెట్టమనండి."

అక్కణ్ణించి అవతలి గుమ్మం ఎక్కాడు. పెద్దక్కగారు ఏదో గౌను కత్తిరిస్తున్నారు.

"నేను పిలవలేదే ఇంకా," అన్నారు తలెత్తి.

"చిన్నక్కగారు పిలిచారండీ."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. "అదే పిలిచిందా? అది పిలిచిందా నిన్ను?"

ఆ వెలుగు ఆర్పాల్సిన పని తన మీదే పడ్డందుకు తిట్టుకుంటూ, వేరే ట్యాంకు సంగతి చెప్పాడు. కత్తెర బట్ట మధ్యలో ఆగిపోయింది. ఆ తర్వాత, "మంచిదే," అన్నారు. "ఎవరిది వాళ్ళకుంటే గొడవుండదు."

"ఒక్కమాట చెప్పనివ్వండి నన్ను. ఏటా నిండదని ఒక్కమాట. ఆగిపోతారు."

"వద్దు. నువ్వు మాటిచ్చావు. అవసరం లేకపోయినా ఇన్నేళ్ళుగా పిలుస్తున్నానని తెలిస్తే అది నవ్వుతుంది. అది నవ్వితే నేను తట్టుకోలేను." కత్తెర మళ్ళీ కదిలింది, గీత మాత్రం వంకర పోయింది. "రేపు కొలుస్తావా? అయితే అది పెరట్లోకి వస్తుందిగా. సరే."

ఆ రాత్రి ఆయనకి అన్నం సహించలేదు. చెప్తే ఒకరి దగ్గర మాట తప్పినట్టు, చెప్పకపోతే ఇద్దరి నోట్లో మట్టి కొట్టినట్టు. ఊళ్ళోవాళ్ళ ట్యాంకులన్నీ తేలిగ్గా తోడిపారేస్తాడు గాని, ఇది ఎలా తోడాలో తెలియలేదు. కొలకర్రకి కొత్తగా తెల్లటి తువ్వాలు చుడుతూ కూర్చున్నప్పుడు మాత్రం ఒక ఆలోచన తట్టింది. మాటిచ్చింది తన నోరు, కర్ర ఎవరికీ మాటివ్వలేదు.

పొద్దున చిన్నక్కగారి పెరట్లో మూత తెరిచి, లోపలి విషగాలి పోయేదాకా అందర్నీ దూరంగా ఉంచాడు. గోడ అవతల పెద్దక్కగారు వచ్చి నిలబడ్డారు. ఇస్త్రీ బట్టల్లో ఉన్నారు, కళ్ళు మాత్రం ఉబ్బి ఉన్నాయి.

"ఇవాళ కొలత మీరే తీసుకోండి," అని చిన్నక్కగారికి పొడవాటి చేతి తొడుగులిచ్చాడు.

"నేనా?"

"కొత్త ట్యాంకు కట్టించుకునేవాళ్ళకి కొలవడం రావాలండీ. వంగకండి, నిలబడే దించండి. అడుగు తగిలిందా? కాసేపు అలాగే ఉంచండి. ఇప్పుడు మెల్లిగా పైకి లాగండి. తువ్వాలు మీద నల్లగా అంటినంత మేరా మడ్డి. అది లోతులో మూడో వంతుకొస్తే తీయించాలి, రాకపోతే అక్కర్లేదు."

పిల్లలకి లెక్కలు చెప్పే మనిషి, ఆవిడకి రెండోసారి చెప్పక్కర్లేదు. కర్రని గోడకి ఆనించి, అడుగునించి చూసుకుంటూ వచ్చారు. మళ్ళీ చూశారు. చేత్తో జానవేసి కొలిచారు.

"జానెడు కూడా లేదేం?"

తమ్ముడు మూత అంచు శ్రద్ధగా తుడవడం మొదలుపెట్టాడు.

"ఏడాది వాడకానికి ఇంతేనా? మరి పోయినేడు? అంతకుముందేడు?" ఆవిడ గొంతు మారింది. "తమ్ముడూ, నిన్నే. ఎప్పుడైనా మూడో వంతుకొచ్చిందా ఇది?"

"కొలత మీ చేతిలోనే ఉంది కదండీ. నేను చెప్పకూడదు. మాటిచ్చాను."

"ఎవరికి?"

ఆయన నోరు తెరవలేదు. చూపు మాత్రం గోడ మీదుగా అటు పోయింది. దాన్ని ఆపుకోవడం ఆయన వల్ల కాలేదు, ఆపుకుందామని పెద్దగా ప్రయత్నించనూ లేదు. చిన్నక్కగారు కర్ర పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళారు.

"అక్కా."

ఆరేళ్ళ తర్వాత ఆ మాట. పెద్దక్కగారి చెయ్యి గోడ అంచుని గట్టిగా పట్టుకుంది.

"నిండనిదానికి ఏటా ఎందుకు పిలిచావు?"

"తమ్ముడూ, దానికి చెప్పు..." అని అలవాటు కొద్దీ ఇటు తిరిగారు పెద్దక్కగారు. ఆయన కదల్లేదు. ఈ ఒక్క మాటా మోసుకెళ్ళడం తన పని కాదని ఆయనకి తెలుసు. ఆవిడ చెల్లెలి వైపు తిరిగారు.

"లారీ వస్తే నువ్వు బయటికొస్తావు కదే," అన్నారు.

చిన్నక్కగారు నవ్వలేదు. కళ్ళ వెంట నీళ్ళు బొటబొటా కారాయి. తుడుచుకుందామని చెయ్యెత్తి, ఆ తొడుగుల వంక చూసుకుని, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయారు.

"తుడుచుకోవడానికి కూడా లేదే అక్కా," అన్నారు వెక్కుతూనే.

"అఘోరించావులే. ఇలా రా." పెద్దక్కగారు గోడ మీదుగా వంగి, తన ఇస్త్రీ బట్టల అంచుతోనే చెల్లెలి కళ్ళూ, ముక్కూ, చిన్నప్పుడు తుడిచినట్టు గట్టిగా తుడిచారు. "మిషను నీ దగ్గరే పెట్టుకో. నేనే వచ్చి కుట్టుకుంటాను."

"నాకెందుకు మిషను? కుట్టడం వచ్చి చచ్చిందా నాకు? నువ్వు రా."

సరిగ్గా అప్పుడే పలుగూ పారా భుజాన వేసుకుని మేస్త్రి దిగాడు. కర్ర పట్టుకుని ఏడుస్తున్న ఆడమనిషినీ, ఆవిడ ముక్కు తుడుస్తున్న ఇంకో ఆడమనిషినీ, పక్కకి తిరిగి నిలబడ్డ లారీ మనిషినీ చూసి, ఎవరో పోయారనుకుని తలగుడ్డ తీశాడు. "ఎక్కడ తవ్వమంటారండీ?" అన్నాడు మెల్లిగా.

"తవ్వొద్దు," అన్నారు చిన్నక్కగారు. తొడుగు వేసిన చేత్తోనే గోడ చూపించారు. "ఇక్కడ ఒక గుమ్మం పట్టేంత పడగొట్టు. మెట్టు ఎత్తుగా పెట్టకు, అక్కకి మోకాళ్ళు నొప్పి."

ఆ ఏడు గడిచింది. మరుసటేడు, ఎప్పుడూ ఫోను వచ్చే నెల వచ్చింది, పోయింది. ఆ ఇంటినించి ఫోను రాలేదు. రాకపోవడమే న్యాయం, ట్యాంకు నిండలేదు కదా. లారీ తమ్ముడు ఆ మాటే తనకి తాను చెప్పుకున్నాడు. సంతోషమే అని కూడా చెప్పుకున్నాడు. కానీ వేరే ఇళ్ళలో గొట్టం వేసి నిలబడ్డప్పుడు, ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పమనకపోతే, ఏదో వెలితిగా ఉండేది. ఆ నెల తర్వాత ఇంకో నెల ఆగాడు. ఆ తర్వాత ఒక సెలవు రోజున, లారీ ఇంటి దగ్గరే వదిలేసి, సైకిలుకి కొలకర్ర కట్టుకుని బయల్దేరాడు.

గోడలో గుమ్మం ఉంది. ఆ గుమ్మానికి అటొకరు ఇటొకరుగా పీటలేసుకుని అక్కచెల్లెళ్ళిద్దరూ ఏదో గుడ్డ అంచు కుడుతున్నారు. చెల్లెలి కుట్టు వంకరగా ఉందని అక్క విప్పదీస్తోంది. ఆయన మూత తెరిచి, గాలి పోనిచ్చి, కర్ర దించి, పైకి లాగి శ్రద్ధగా చూశాడు.

"ఎంతుంది?" అన్నారు చిన్నక్కగారు.

"జానెడు దాటిందండీ, అంతే. ఇంకా రెండు మూడేళ్ళు ఆగొచ్చు."

"అది మాకూ తెలుసు. మేం పిలవలేదుగా, మరెందుకొచ్చావు?"

"ఊరికే. ఓసారి చూసి పోదామని."

పెద్దక్కగారు కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి, ఆయన్ని తలనించి కాళ్ళదాకా ఒకసారి చూశారు.

"ట్యాంకు కొలవడానికి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చావేం తమ్ముడూ?"

ఆయన తన చొక్కా వంక చూసుకున్నాడు. పెద్దక్కగారు పక్కకి జరిగి, గుమ్మంలో మూడో పీట వేశారు.