మైల కబురు

మా ఆయన ఉమామహేష్ ఏ పనైనా ముప్పాతిక చేసి వదిలేస్తాడు. మిగతా పావూ దేవుడు చూసుకుంటాడని ఆయనకి ధీమా.

పాత వ్యాన్లు రెండు కొని, లోపల మంచాలూ గ్యాస్ పొయ్యీ అమర్చి, బీచ్‌కి వచ్చేవాళ్లకి అద్దెకిద్దామన్నాడు. వాటిల్లో ఉన్న గ్యాస్ గీజర్లు పీకేశాడు. గీజర్ పోయినా దానికి గ్యాస్ తెచ్చే పైపు మిగిలింది. ఆ పైపు నోటికి ఇత్తడి మూత బిగించాలి. ఈ మహానుభావుడు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, వైరుతో కట్టాడు.

మొదటి వ్యాన్‌లో మా అత్త లక్ష్మమ్మ, మరిది త్రినాథ్, నా కూతురు ధరణి పొద్దున్నే బారువ బీచ్‌కి వెళ్లారు. సాయంత్రం పలాసలో రెండో వ్యాన్ సర్దుతుంటే అనుమానం వచ్చి, ఆ ట్యూబు మీద సబ్బు నురగ రాశాను. బుడగలు లేచాయి. ఒకటి పగిలేలోపే ఇంకోటి.

"మొదటి దానికీ ఇలాగే కట్టేవా?"

ఆయన ముఖం పాలిపోయింది.

త్రినాథ్ ఫోను స్విచ్చాఫ్. దీపాలు పెట్టే వేళ. అత్త ఎక్కడున్నా దేవుడి పటం ముందు దీపం వెలగాల్సిందే. గాలికి ఆరిపోకుండా కిటికీలన్నీ మూసి మరీ వెలిగిస్తుంది. జీడి ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి పిక్కలు కాల్చిన మనిషి, ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది. అదృష్టం, ఆవిడ ఫోను ఎత్తింది.

"దీపం ఎడతన్నానే, తర్వాత సెయ్యి."

"ఒద్దత్తా! గ్యాసు లీకవుతంది!"

"త్రినాథూ పిల్లా బయట ఇసకలో ఉన్నారు. నాకే వాసనా రాలేదు. దీపమెట్టి సూత్తాను, ఉండు."

లీకు వెతకడానికి దీపం! నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడతో వాదించి గెలిచినవాళ్లు మా వంశంలో లేరు. ఆ దీపాన్ని ఆపగలిగేది ఒక్కటే. అది నా నోట వచ్చేసింది.

"అత్తా, పోలారావు సినమావ పోయాడు. మైల. దీపం ఎట్టకూడదు."

పోలారావు ఆవిడకి స్వయానా మరిది. సోంపేటలో నిక్షేపంగా ఉన్నాడు.

"ఓలమ్మో! ఓ పోలారావో!" అంటూ అత్త శోకం అందుకుంది.

"తలుపులు బార్లా తీసేసి, ముగ్గురూ సముద్రంలో తలారా ములగండి. స్విచ్చులేవీ ముట్టకండి!"

మైలలో స్విచ్చులు ముట్టకూడదని ఏ శాస్త్రంలో ఉందో ఆవిడ అడగలేదు.

బండి మీద బయల్దేరాం. కొబ్బరితోటల మీద మంట కనిపిస్తుందేమోనని దారంతా చూస్తూనే ఉన్నాను. ఎవరో చెత్త తగలబెట్టిన పొగ చూసి ప్రాణం పోయినంత పనైంది.

"గట్టిగానే కట్టేనే..." అని నసిగాడు ఆయన.

"ఇంకో మాటన్నావంటే ఆ ట్యూబు నీ పీకకి కడతాను."

ముగ్గురూ తడిబట్టలతో ఇసుకలో కూర్చుని ఉన్నారు. పరుగెత్తి ధరణిని పొట్టకి అదుముకున్నాను. పిల్ల వణుకుతోంది. వణకనీ, బతికి ఉంది. ఆయన వెళ్లి సిలిండరు కట్టేసి, ఊడిపోయిన ట్యూబు ముక్కతో తిరిగొచ్చాడు. తలుపులు తీసి అంతసేపైనా వ్యాన్‌లోంచి గ్యాసు వాసన ఇంకా వస్తూనే ఉంది.

"శవాన్ని ఎప్పుడు తీత్తారంట?" అంది అత్త.

"మావ బతికే ఉన్నాడత్తా."

నా చెంప ఛెళ్లుమంది. "బతికున్నోణ్ణి సంపుతావటే!"

త్రినాథ్ ముక్కు మూసుకుని వ్యాన్‌లోకి తొంగి చూసి, మెల్లగా ఇటు తిరిగాడు.

"అమ్మా, అప్పటికే అగ్గిపెట్టిలోంచి పుల్ల తీసేసే ఉన్నావు."

అత్త తన చేతివేళ్లు చూసుకుంది. ధరణి తల తడిమింది. మళ్లీ ఏడుపు మొదలుపెట్టింది. ఈసారి ఎవరి పేరూ పెట్టి ఏడవలేదు.