పేరుపేరునా క్షమించాను

వాడు దొరికాడు. దేవుడి సన్నిధిలో కూర్చుని నాకు మొదట వచ్చిన ఆలోచన అదే. శుక్రవారం ఉదయం, దోహా ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలో మా తెలుగు సహవాసం కూడుకునే విల్లా హాలు. మొదటి పాట ఇంకా పూర్తి కాలేదు. తలుపు తోసుకుని విన్సెంట్ లోపలికి వచ్చాడు, వెనకాల వాడి భార్య సుసన్న. వాడికి జుట్టు పలచబడింది, పొట్ట వచ్చింది, నవ్వు మాత్రం మారలేదు. ఎదుటివాళ్ళ కంచంలో ముద్ద లాక్కుంటూ కూడా "మీరు తినండి, మీరు తినండి" అనే రకం నవ్వు అది.

మావారు రత్నరాజు గారు నా మొహం చూసి కంగారుపడ్డారు. "ఎవరే ఆయన?" అని మగవాళ్ళ వైపు నుంచి ఇటు వంగి గుసగుసగా అడిగారు.

"నా దొంగ" అన్నాను.

చెబుతాను. నా పేరు రెజీనా. దోహాలో ఒక ఇండియన్ స్కూల్లో ఆరో తరగతి పిల్లలకి ఇంగ్లీషు చెబుతాను. పెళ్ళికి ముందు యూనివర్సిటీలో రీసెర్చి చేశాను. నా విషయం ఏమిటో చెబితే మా అత్తగారు ఇప్పటికీ నవ్వుతుంది. మధ్యయుగాల ఇంగ్లీషులో దయకీ క్షమాపణకీ ఏయే మాటలు ఉండేవి, వాటిని ఎవరు ఎవరి దగ్గర వాడేవారు అన్నది. "అమలాపురం పిల్లవి, ఆ తెల్లోళ్ళ క్షమాపణలతో నీకేం పనే?" అంటుంది. పనేమిటంటే ఏం చెప్పను, నాకు ఆ మాటలంటే పిచ్చి.

మనకి జాలి, కనికరం, మన్నింపు ఉన్నట్టే ఆ పాత ఇంగ్లీషు వాళ్ళకీ సొంత మాటలు ఉండేవి. ఓరె, మిల్సె, రూత్ అని. ఫ్రెంచి మాట్లాడే దొరలు వచ్చి గద్దెనెక్కాక మెర్సీ, పార్డన్ అనేవి దిగాయి. పాతవి ఒక్కొక్కటే మూలకి పోయాయి. దొరల మాటలో దొరతనం పోతుందా? ఊరి కోర్టులో ఫలానావాడు 'మెర్సీలో ఉన్నాడు' అని రాశారంటే వాడి మీద దయ చూపించారని కాదు. తప్పు చేసి దొరికిపోయాడని, ఇక ఎంత జుర్మానా వడ్డించాలన్నది దొరగారి ఇష్టమని. అది చదివిన రోజు హాస్టల్ గదిలో పడీపడీ నవ్వాను. పక్క మంచం మీద నుంచి "ఏంటే పిచ్చిమొహమా, చెప్పి నవ్వు" అంది నా రూమ్మేటు. ఆ రూమ్మేటే సుసన్న.

విన్సెంట్ మా డిపార్ట్‌మెంటువాడే. నా అధ్యాయాలు చదివి తప్పొప్పులు చెబుతానని పట్టుకెళ్ళాడు. నేను థీసిస్ ఇచ్చేలోపే అవి వాడి పేరుతో ఒక పత్రికలో అచ్చయ్యాయి. గోల చేశాను, కమిటీ వేశారు. అక్కడ దొంగే 'దొంగా దొంగా' అని అరిచాడు. రెజీనాయే నా కాగితాలు చూసి రాసుకుంది అన్నాడు. సాక్ష్యం చెప్పింది ఎవరనుకున్నారు? సుసన్న. అప్పటికి వాళ్ళిద్దరికీ నిశ్చితార్థం అయింది. విన్సెంట్ కాగితాలు ముందేసుకుని రెజీనా రాసుకోవడం నా కళ్ళతో చూశాను అంది. ఎవరూ అడక్కపోయినా బైబిలు మీద చెయ్యి కూడా వేసింది. ఆ కాగితాలు విన్సెంట్‌వని ఆమెకి చెప్పింది ఎవరు? విన్సెంటే.

నా రిజిస్ట్రేషన్ రద్దయింది. వాడు డాక్టర్ విన్సెంట్ అయ్యాడు. మా వైపు పెళ్ళిళ్ళలో ఇప్పటికీ నేను కనబడితే ఎవరో ఒకరు గొంతు తగ్గిస్తారు, 'కాపీ కొట్టి దొరికిపోయిన పిల్ల ఈవిడే' అని. నాకు డిగ్రీ మీద ఆశ ఎప్పుడో చచ్చిపోయింది. ఒకటే మిగిలింది. పదిమంది ముందు వాడి నోటితో వాడే, దొంగ నేను, ఆవిడ కాదు అనాలి. అది వినకుండా చావకూడదనుకున్నాను.

మా సహవాసంలో ఒక పద్ధతి ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళని ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే సంస్కారంలో, చేర్చుకునే ముందు పెద్ద లేచి "ఈ సహోదరుడి మీద ఎవరికైనా విరోధం ఉందా?" అని సభని అడుగుతారు. ఎవరూ పలకరు. ఊరు కాని ఊళ్ళో కొత్త మొహం మీద ఎవరికి మాత్రం ఏం విరోధం ఉంటుంది? మా పెద్ద విద్యాసాగర్ గారు దుఖాన్‌లో ఆయిల్ కంపెనీ ఉద్యోగి. రిటైరయ్యి ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా, కాకినాడ వెళ్ళిపోతున్నారు. విన్సెంట్ వాక్యం బ్రహ్మాండంగా చెబుతాడని ఆయన విన్నారు. ఇక్కడ ఒక కాలేజీలో ఉద్యోగానికి వాడు రాగానే, ప్రసంగ పీఠం వాడికి అప్పజెప్పి నిశ్చింతగా విమానం ఎక్కుదామనుకున్నారు. కానీ బల్లలో చేరనివాడు పీఠం ఎక్కడానికి లేదు.

ఆయన అడిగారు. నేను చెయ్యెత్తాను.

"ఉందండి" అన్నాను.

హాలంతా నా వైపు తిరిగింది. విన్సెంట్ అప్పుడు గుర్తుపట్టాడు నన్ను. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాడు. విద్యాసాగర్ గారు గొంతు సవరించుకుని "ముందు వెళ్ళి సమాధానపడండి, రాజీ చేసుకోండి. అప్పటిదాకా విన్సెంట్‌కి బల్ల లేదు" అన్నారు. ఆ మాటకి నాకు ఆ పూట తిన్న బిర్యానీ ఎంత రుచిగా ఉందో!

ఇక మొదలైంది. ఫోన్లో బైబిలు వచనాలే వచనాలు. ఏడు డెబ్బైల మారులు క్షమించమన్నాడు ప్రభువు అని ఒకావిడ. పగ పట్టడం పాముల పని అని ఇంకొకావిడ. మీ ఇంట్లో దొంగలు పడితే తెలుస్తుందమ్మా అని రాసి, మళ్ళీ తుడిపేశాను.

"ఎప్పటి మాటే అది!" అన్నారు మావారు. "ఆయన సారీ అంటాడు, నువ్వు సరే అంటావు. యల్లా, ఖలాస్, అయిపోయింది!"

"మీరు ఊరుకోండి. పోయింది మీ పేరు కాదు" అన్నాను.

మంగళవారం సాయంత్రం మొగుడూ పెళ్ళాలు మా ఫ్లాటుకి వచ్చారు, ఆత్రేయపురం పూతరేకుల డబ్బాతో.

"మనం మనుషులం కదా సిస్టర్" అని మొదలుపెట్టాడు విన్సెంట్. "నా వల్ల మీకు ఏమైనా నొప్పి కలిగుంటే మనసులో పెట్టుకోవద్దు."

"ఏమైనా అంటే ఏంటి?"

"అదేనండి... తెలిసో తెలియకో..."

"తెలిసినవి చెప్పు. తెలియనివి దేవుడు చూసుకుంటాడు."

వాడు పక్కనున్న సుసన్న వైపు ఒక్క చూపు చూసి తివాచీ వైపు తిరిగాడు, తేలు కుట్టిన దొంగలా. అప్పుడు సుసన్న నా చెయ్యి పట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు. "మేం నిన్ను ఎప్పుడో క్షమించేశాం రెజీనా. నువ్వు మారుమనసు పొందాలని రోజూ కుటుంబ ప్రార్థనలో నీ పేరు చెబుతాను" అంది.

ఓరి దేవుడో! నన్ను క్షమించేశారట! ఒళ్ళు భగ్గుమంది. చెయ్యి విదిలించుకోబోయి ఆమె మొహం చూశాను. అందులో నటన లేదు. ఈ పిచ్చిది ఇన్నేళ్ళుగా నేనే దొంగనని నిజంగా నమ్ముతోంది. వాడికి భయం నా దగ్గర కాదు, పక్కన కూర్చున్న ఈ మనిషి దగ్గర. సరే, వినిపించాల్సింది ఇద్దరికీ అనుకున్నాను. పూతరేకులు తీసుకోలేదు.

వాళ్ళు వెళ్ళాక నా పాత చదువు తలకెక్కింది. ఆ కాలంలో మనిషిని చంపినవాడికి రాజు క్షమాపణ దొరికేది. 'ఏమైనా ఉంటే' అని కాదు. ఎవరిని చంపాడో, ఏం నేరమో పేరు పెట్టి రాయించేవారు. వాడు దాన్ని నిండు కోర్టులో చూపించుకోవాలి. చూపించాడా, ఇక 'నేను కాదు, నాకు తెలియదు' అని బొంకడానికి లేదు. పుచ్చుకున్న క్షమాపణే నేరం ఒప్పుకున్నట్టు. నా దగ్గర నుంచి కొట్టేసిన అధ్యాయంలో ఇదంతా ఉంది. వాడు అచ్చు వేయించుకున్నాడే గానీ ఒంటబట్టించుకోలేదు.

విద్యాసాగర్ గారికి ఫోన్ చేశాను. "క్షమిస్తానండి. కాకపోతే సభలో, అందరి ముందు."

"దేవునికి స్తోత్రం తల్లీ!" అన్నారాయన. పాము చావకుండా కర్ర విరగకుండా పని అయిపోయిందనుకున్నారు, పాపం.

శుక్రవారం హాలు నిండిపోయింది. రాజీ చూడటానికి వచ్చారు గానీ, గొడవైనా ఫరవాలేదన్నట్టే కూర్చున్నారు. బల్ల మీద రొట్టె పెట్టి తెల్లగుడ్డ కప్పారు. మగవాళ్ళ వైపు ముందు వరసలో విన్సెంట్, తెల్ల చొక్కా. ఆడవాళ్ళ వైపు నా వెనక వరసలో సుసన్న. విద్యాసాగర్ గారు పిలిచారు, నేను లేచాను.

"సహోదరుడు విన్సెంట్, నాలుగేళ్ళు నేను చేసిన రీసెర్చి దొంగిలించి తన పేరుతో అచ్చు వేయించుకున్నందుకు క్షమిస్తున్నాను" అన్నాను. హాల్లో ఎవరో దగ్గబోయి ఆగిపోయారు. "అడిగితే నేనే దొంగనని కమిటీకి అబద్ధం చెప్పినందుకు క్షమిస్తున్నాను. ఆ కాగితాలు తనవేనని కాబోయే భార్యని నమ్మించి, ఆమె చేత బైబిలు మీద చెయ్యి వేయించి అబద్ధ సాక్ష్యం చెప్పించినందుకు క్షమిస్తున్నాను. ఆ డిగ్రీతో సంపాదించిన ప్రతి ఉద్యోగానికీ, ఇప్పుడు చేస్తున్నదానికీ కూడా క్షమిస్తున్నాను."

ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఒక్కొక్క 'క్షమిస్తున్నాను' చెంపదెబ్బ కొట్టినంత సుఖంగా ఉంది. ఆపబుద్ధి కాలేదు గానీ నేరాలు అయిపోయాయి.

విద్యాసాగర్ గారి మొహం పాలిపోయింది. అయినా న్యాయం తెలిసిన మనిషి. "విన్సెంట్, సిస్టర్ ఇచ్చిన క్షమాపణ పుచ్చుకుంటున్నావా? ఆవిడ చెప్పినవన్నీ నిజమేనా? బల్ల ముందు ఉన్నావు, అబద్ధం ఆడకు నాయనా" అన్నారు.

విన్సెంట్ పీఠం వైపు చూశాడు, సభ వైపు చూశాడు. వాడి కళ్ళలో లెక్క నాకు తెలిసిపోయింది. మాలో సాక్ష్యం, అంటే తాము మారిన కథ, చెప్పేవాళ్ళకి ఒక అలవాటుంది. వెనకటి పాపం ఎంత పెద్దదిగా చెబితే హల్లెలూయా అంత గట్టిగా వస్తుంది. తాగుబోతునన్నవాడికంటే పెళ్ళాన్ని కొట్టానన్నవాడికి ఎక్కువ వస్తుంది. వాడు ఏళ్ళ తరబడి అలాంటి సభల్లో పెరిగిన ప్రసంగీకుడు. ధడాలున మోకాళ్ళ మీద పడి రెండు చేతులూ పైకెత్తాడు.

"అవును! ఆ దొంగని నేనే! సిస్టర్ చెప్పిన ప్రతి మాటా నిజం! అంతటి పాపిని నన్ను కూడా ప్రభువు వెతుక్కుంటూ వచ్చాడు!"

"హల్లెలూయా!" అంది సభ. కొందరు ఏడ్చేశారు. నేను విన్నాను. ఇన్నేళ్ళు ఏ మాట కోసం పళ్ళు కొరుక్కుంటూ బతికానో ఆ మాట విన్నాను. కానీ కడుపు చల్లబడలేదు. ఛీ, నా దొంగతనాన్ని కూడా వాడు ప్రసంగం చేసేసుకున్నాడు! కన్నీళ్ళు తుడుచుకుంటూ లేచాడు, మొహం వెలిగిపోతోంది. పక్కవాళ్ళు భుజం తడుతున్నారు.

విద్యాసాగర్ గారు ఊపిరి పీల్చుకుని రొట్టె మీద గుడ్డ తీయబోతూ, పద్ధతి ప్రకారం అడిగారు. "ఇంకెవరికైనా ఈ సహోదరుడి మీద విరోధం ఉందా?"

ఆ కాలం కోర్టుల్లోనూ ఇలాగే కేక వేసేవారు. రాజు క్షమించాడు, వీడి మీద ఇంకెవరైనా దావా తెస్తారా అని. చచ్చినవాడి భార్య లేచి తెస్తానంటే రాజు క్షమాపణ ఆమెని ఆపలేదు.

"నాకుందండి" అంది సుసన్న.

నేను వెనక్కి తిరిగాను. ఆమె ఏడవడం లేదు. మొహం బిగుసుకుపోయింది. మొగుణ్ణి కాదు, పెద్దనే చూస్తోంది.

"దేవుడి గ్రంథం మీద చెయ్యి వేసి అబద్ధం ఆడాను. నాకు తెలీదు. ఈయనకి తెలుసు. రోజూ మోకాళ్ళూని, రెజీనా తన దొంగతనం ఒప్పుకునేలా చెయ్యి ప్రభువా అని ప్రార్థన చేశాను. ఈయన నా పక్కనే ఉండి..." అప్పుడు వాడి వైపు తిరిగింది. "రోజూ ఆమేన్ అన్నావు కదూ?"

ఎవరూ హల్లెలూయా అనలేదు.

విన్సెంట్ మళ్ళీ మోకాళ్ళ మీదికి జారాడు. ఈసారి చేతులు ఎత్తలేదు. నేలకి ఆనించాడు.

విద్యాసాగర్ గారు నా వైపు తిరిగారు. "అమ్మా రెజీనా, అందరికంటే ఎక్కువ నష్టపోయినదానివి నువ్వు. నువ్వే క్షమించావు. నువ్వు చెబితే ఆ అమ్మాయి వింటుంది. ఒక్క మాట చెప్పు తల్లీ, ఒక కాపురం నిలబడుతుంది."

"రెజీనా" అన్నాడు విన్సెంట్. సిస్టర్ అనలేదు. "దండం పెడతాను. చెప్పు దానికి." ప్రసంగం లేదు ఆ గొంతులో. కిందపడ్డవాడి గొంతు అది. నాకు కావలసింది ఆ గొంతేనని అప్పుడు తెలిసింది.

జాలి ఎక్కడైనా ఉందేమోనని నాలో నేనే వెతుక్కున్నాను. ఒక్క మాటతో కాపురం నిలబడుతుందేమో, నిజమే. సుసన్న నన్నే చూస్తోంది, చెప్పమనీ కాదు, వద్దనీ కాదు. నాకు జాలి దొరకలేదు. దొరకనందుకు బాధ కూడా కలగలేదు.

"నా మటుకు నేను క్షమించేశానండి" అన్నాను. "ఆవిడది ఆవిడ ఇష్టం."

కూర్చున్నాను. మావారు మగవాళ్ళ వైపు నుంచి నన్నే చూస్తున్నారు. నేను చూపు తిప్పుకోలేదు. విన్సెంట్ మోకాళ్ళ మీదే ఆడవాళ్ళ వైపు తిరిగాడు. సుసన్న అప్పటికే గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది.