పసుపు కింది అంకెలు

నేను చేసిన తప్పు కడగడం.

గోదావరి ఉత్తరపు ఒడ్డున, చెన్నూరుకు దిగువన, ఇంగ్లీషువాళ్లు తవ్వి మధ్యలో వదిలేసిన పడవల కాలువ ఒకటి ఉంది. 1963 కార్తీకంలో, అందులోని పాత ఇనుమంతా జాబితా రాసి వేలానికి సిద్ధం చేయమని మంథనిలోని మా ఆఫీసు నన్ను పంపింది. నేను ఓవర్సీరును. తోడుగా దఫేదారు గులాం నబీ వచ్చాడు. పూజలో ఉన్న వస్తువులను మాత్రం ముట్టరాదని ఉత్తర్వులోనే ఉంది.

కాలువ మొదట్లో, రాతి గోడ పక్కన, బెస్తలు గంగమ్మ అని మొక్కే పసుపు ముద్ద ఉంది. దానిని తాకిన తర్వాతే పడవను నీటిలోకి దించుతారు. దాని అంచు మరీ గుండ్రంగా కనిపించింది. ఎవరూ లేని మధ్యాహ్నం చింతపండుతో, ఇసుకతో తోమాను. ఇనుప గిన్నె బయటపడింది. లోపల నునుపుగా ఉంది. కోస్తా కాలువల మీద లాకులు చూసినవాణ్ణి కనుక పోల్చుకోగలిగాను: పడవలను ఎత్తి దించే లాకు తలుపు, తన అడుగు కొసను ఇలాంటి గిన్నెలో ఆనించి తిరుగుతుంది. అంచు మీద అంకెలు: 1866.

తెలుసుకోవడమంటే విడిపించడమని అంతవరకు నమ్మాను.

నూరేళ్లు నిండిన వస్తువునే పురావస్తు శాఖ తీసుకుంటుంది. దీనికి మూడేళ్లు తక్కువ. పసుపు పోయింది కనుక ఇది ఇప్పుడు ఉట్టి సర్కారు ఇనుము. నాలుగో రోజున చెన్నూరు నుంచి వేలం లారీ వస్తుంది.

సాయంత్రం రేవుకు వెళ్తే పడవలన్నీ బోర్లించి ఉన్నాయి. గంగమ్మకు దీపం పెట్టే ముసలి కిష్టవ్వ, అమ్మ అట్లా ఉండగా ఎవరూ నీళ్లలో దిగరని చెప్పింది. మళ్లీ పసుపు పెట్టమన్నాను.

"నీళ్లు పోసినోని చెయ్యే పసుపు పెట్టాలె సారూ. ఇంకోలు పెడితే గంగ ఊకోదు."

నాకు నమ్మకం లేదన్నాను.

"నమ్మకం నిన్నెవలడిగిండ్రు? చెయ్యి అడుగుతున్న."

రెండు రోజులు ఆ ఒడ్డునే ఉండిపోయాం. ఎదురుగా, మా మంథని ఉన్న కరీంనగర్ వైపు గట్టు కనిపిస్తూనే ఉంది. ఎగువ రేవుకూ కబురు పోయింది, అక్కడా పడవ దించలేదు. పసుపు పెడితే గిన్నె మిగులుతుంది, అది ఏమిటో ఎవరికీ తెలియదు. పెట్టకపోతే అది ఏమిటో నేను రాయగలను, గిన్నె ఉండదు. బీడీలు అయిపోయిన గులాం నబీ నా ఆలోచనను అంతసేపు సహించలేదు.

"మీ ఇల్మ్, మీ సదువు జర పక్కకు పెట్టుండ్రి సారూ. అవతలి గట్టెక్కినంక మళ్ల తీసుకుందురు."

మూడో ఉదయం కాగితం పరచి, పెన్సిలుతో రుద్ది, అంకెలు తీసుకున్నాను. తర్వాత కిష్టవ్వ కలిపిచ్చిన పసుపుతో వాటిని నేనే కప్పాను. చివరి ఆరు మీద వేలు కాసేపు ఆగింది. గులాం నబీ పంచనామా రాశాడు: పూజలో ఉన్నది. సంతకం చేశాను.

పడవ నది నడుమకు చేరాక, మాతోపాటు ఎక్కిన కిష్టవ్వ మొక్కులో మిగిలిన మాట చెప్పింది. కడిగి పెట్టినవాడు ఏటా ఆ రోజున వచ్చి పెట్టాలి. మూడేళ్లు చాలా అని అడిగాను.

"మూడేండ్ల లెక్క ఏడిది? నువ్వున్నన్ని దినాలు."

లారీ మిగతా ఇనుము ఎత్తుకుపోయింది. నూరేళ్లూ నిండాయి. పురావస్తు శాఖకు ఉత్తరం రాసి రెండేళ్లయింది, ఇంకా పంపలేదు. వాళ్లు వస్తే చూపాలి, చూపాలంటే కడగాలి, కడిగితే వాళ్లు తీసుకుపోయే గిన్నె కోసం ఈ రేవులో పడవలు ఎన్నాళ్లు బోర్లించి ఉంటాయో నాకు తెలియదు. ఉత్తరమూ, పెన్సిలు అంకెల కాగితమూ ఒకే జేబులో ఉన్నాయి. ఈ కార్తీకంలో కూడా కిష్టవ్వ పసుపు కలిపి నా కోసం కూర్చుంది. చేయి చాపాను.