దగ్గు వినబడే దాకా

గంగన్న మెడ మీద బస్తా పడింది. తెల్లవారింది మొదలు ఇదే పని. భీమ్‌గల్ నుంచి వచ్చిన బండ్లలోంచి పసుపు బస్తా వీపుకెత్తుకోవడం, షావుకారు గంగాకిషన్ కొట్లోకి మోయడం, కాంటా దగ్గర దించడం, మళ్ళీ బండి దగ్గరికి రావడం. పసుపు దుమ్ము కనుబొమ్మల్లో, చెవి మడతల్లో, పగిలిన మడమల్లో పేరుకుపోయింది. చెమట తుడుచుకుంటే కళ్ళు మండుతున్నాయి. మీసాలు రాకముందు నుంచీ ఆర్మూరు బజారులో అతనికి ఇదే బతుకు. పెళ్ళినాడు పసుపు పూయడానికి వచ్చిన ఆడవాళ్ళు, ఇక పూసేందుకు చోటెక్కడుందని ఒకటే నవ్వారు.

మధ్యాహ్నం బండి నీడన జొన్నరొట్టె విప్పుకున్నాడు. ఎదురుగా ఒక రైతు తన కొడుకును భుజమెక్కించుకుని ఎద్దులను చూపిస్తున్నాడు. ఆ రైతు తండ్రి ఊళ్ళోనే ఉండిపోయి ఉంటాడు, అందుకే అంత ధైర్యం. గంగన్న నమలడం మరిచిపోయి చూశాడు.

"ఏంది గంగన్నా, గట్ల జూస్తున్నవ్?" అన్నాడు తోటి హమాలి హనుమాన్లు. "ఊరి బస్తాలన్ని మోస్తవ్‌గని, ఎన్నడన్న నీ బిడ్డను మోసినవా?"

"మా బాపు ముంగట ఎట్ల మోస్తనే?"

అది హనుమాన్లుకు తెలియని మర్యాదేం కాదు. కన్నతండ్రి ఎదుట కన్నబిడ్డను ఎత్తి ముద్దాడేవాడు సిగ్గూశరం లేనివాడు. మర్యాద సంగతి సరే, గంగన్న గుండెలో ముల్లు వేరే ఉంది. అతను ఇల్లు చేరేసరికి తండ్రి నడిపయ్య ఒక్క మాటైనా లేకుండా గొంగడి కప్పుకుని, కర్ర తాటించుకుంటూ ఎదురింటి సత్తవ్వ అరుగు మీదికి పోతాడు. కూతురు లస్మి పుట్టిన నాటి నుంచీ ఇదే వరస. ఆడపిల్ల పుట్టిందని ముసలాయనకు గుర్రు, అందుకే ఇంట్లో కాలు నిలవదని గంగన్న తీర్మానించుకున్నాడు. ఆయన లేని ఆ కాసేపే బిడ్డను ఒళ్ళోకి తీసుకునేవాడు. వీధిలో దగ్గు వినబడగానే గబుక్కున కింద దించి, ఏమీ ఎరగనట్టు గోడకేసి చూసేవాడు. కడుపులో లేనిది కౌగిలించుకుంటే వస్తుందా అని తండ్రి మీద లోలోపల గొణుక్కునేవాడు.

"మా బాపుకు నా బిడ్డంటె పడది" అన్నాడు రొట్టె మూట కడుతూ.

సాయంత్రానికి నడుము పట్టేసింది. చలి దిగుతోంది. యుద్ధం మొదలైనప్పటి నుంచీ కిరసనాయిలు దొరకక ఎవరూ తొందరపడి దీపం పెట్టడం లేదు. చీకట్లోనే ఇల్లు చేరాడు. వాకిట్లో తండ్రి ఎదురుపడి, పక్కకు తప్పుకుని దారి ఇచ్చి, వీధిలోకి వెళ్ళిపోయాడు.

లోపల లస్మి నిద్రపోతోంది. మెడదాకా తాత గొంగడి.

"గిదేంది? బాపు గొంగడి బిడ్డ మీదున్నది?"

భార్య రత్నవ్వ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "ఇంకెవల మీదుంటది? పొద్దంత మామ ఒళ్లెనే ఉంటదాయె. గిప్పుడే నిద్రవోయింది."

"బాపు ఒళ్లెనా?"

"మరి? మీసాలు గుంజుతది, వీపెక్కుతది. గా వంగిన నడుముతోని గుర్రమై మోస్తడు."

"గట్లయితె నేనొచ్చే యాళ్లకు ఎందుకు పోతడే?"

ఆమె చేయి ఆగింది. "నీకెర్కలేదా? వాడొస్తడు, నేనుంటె వాడు బిడ్డను ఎత్తుకోడు అనుకుంట లేస్తడు. పాణం బాగలేకున్న ఆగడు. మల్లొచ్చేటప్పుడు నీకు ఇనవడాలెనని దగ్గుకుంట వస్తడు."

"నాకెందుకు జెప్పలే?"

"నువ్వెన్నడన్న అడిగినవా?"

గంగన్న బిడ్డ పక్కకు వంగాడు. లస్మిని గొంగడితో సహా ఎత్తి భుజాన వేసుకున్నాడు. నొప్పెట్టే భుజమే అది. అయినా మార్చుకోలేదు. ఇవాళ దగ్గు వినబడినా దించనని ఒట్టు పెట్టుకున్నాడు. బాపుతో నాలుగు మాటలు చెప్పడం తన వల్ల కాదు, బిడ్డను దించకుండా ఉండటం మాత్రం చేతనవుతుంది. తలుచుకుంటేనే సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తలుపు వైపు తిరిగి కూర్చున్నాడు.

రత్నవ్వ పొయ్యి మీంచి జొన్న గట్క దించింది. అది చల్లారింది. వీధిలో దగ్గు వినబడలేదు.

పాపతోనే లేచి ఎదురింటికి నడిచాడు. అరుగు మీద నడిపయ్య గోడకు ఆనుకుని, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు.

"బాపూ, నేనే. లస్మిని ఎత్తుకొచ్చిన."

ముసలాయన పలకలేదు. చేయి పట్టుకుంటే మంచులా ఉంది.

చప్పుడుకు సత్తవ్వ దీపం పట్టుకుని వచ్చింది. నడిపయ్య ముఖం దగ్గర దీపం ఎత్తి చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది. కొంగు తీసి గంగన్నతో చెప్పింది. "చలి పెడ్తుంది, గొంగడేదే అన్నా అని అడిగిన. బిడ్డ కప్పుకున్నది, గుంజితె లేస్తది అన్నడు. కునుకు పట్టిందనుకున్న కొడుకా..."

గంగన్న తండ్రి పక్కనే చతికిలబడ్డాడు. ఏడుపు వచ్చినా బిడ్డను దించలేదు. వెలుతురుకు లస్మి కళ్ళు విప్పి, తాతను చూసి, మీసం అందుకోవడానికి ముందుకు వంగింది. ఆ వంగడంతో గొంగడి జారి, సగం పాప మీద నిలిచి, సగం ముసలాయన మోకాళ్ళ మీద పడింది. అది ఇంకా వెచ్చగానే ఉంది.