నిచ్చెన పట్టుకున్నవాడు

ఎడారి ఊరు టూసాన్‌లో ఏటా ఏప్రిల్ రాగానే, ఎండలు ముదరకముందే, ఇళ్ళ కప్పులమీదికి మగాళ్ళు ఎక్కుతారు. ఒఫీలియా ఇంట్లో మాత్రం ఎక్కేది ఒఫీలియానే. ఇంటి కప్పుమీది కూలర్‌కి చలికాలమంతా చుట్టి ఉంచిన మందపాటి గుడ్డ విప్పాలి, పాత గడ్డి పీకి కొత్తది పెట్టాలి, అడుగున పేరుకున్న ఉప్పు గీకాలి, మోటారుకు నూనె వెయ్యాలి. ఆపైన వేడి దిగకుండా కప్పంతా తెల్లరంగు. మొగుడు రొహేలియో కింద నిచ్చెన పట్టుకుంటాడు, అదీ ఒక చేత్తో. రెండో చేతిలో ఫోను.

"పైన నీదేముంది, గాలికి తిరుగుతుంటావు. పట్టుకునేవాడిదే అసలు కష్టం" అంటాడు ఏటా. నవ్వుతూ అంటాడు కాబట్టి హాస్యమేననుకుని మొదట్లో ఆమె కూడా నవ్వింది. ఆ మనిషి దాన్ని నిజంగానే నమ్ముతున్నాడని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. కూలర్ తనే సిద్ధం చేశానని అతను వాళ్ళమ్మకు చెప్పుకుంటే, ఆవిడ కొడుకు మెత్తటి అరచేతులు నిమిరి, "ఇంటికోసం ఒళ్ళు హూనం చేసుకుంటాడమ్మా నా బిడ్డ" అనేది. గోళ్ళ సందుల్లో తెల్లరంగు ఇంకా వదలని చేతులతో ఒఫీలియా ఆవిడకు మొక్కజొన్న పిండితో ఆవిరిమీద ఉడికించిన తమాలేలు వడ్డించేది.

నిరుడు కప్పుమీద తడిరంగు తొక్కి ఒఫీలియా జారింది. మోకాలు చెక్కుకుపోయి, కప్పు అంచుదాకా వెళ్ళి ఆగింది. కింద నుంచి రొహేలియో కేకేశాడు, "రంగు ఒలకలేదు కదా?" అని. కోప్పడ్డానికి కూడా సరిపోడనిపించింది. ఇంత చిన్న మనిషి కోసమా తను ఇన్నేళ్ళూ ఇంత ఎత్తు ఎక్కిందని తనమీద తనకే రోత పుట్టింది.

ఈ ఏడు ఏప్రిల్ వచ్చింది, పోయింది. ఆమె ఎక్కలేదు. తనే చేస్తానని ఊరంతా చెప్పుకునే పని జరిగిందో లేదో అతను తల పైకెత్తి చూడనైనా లేదు.

మే పదిన తల్లుల పండుగకి అత్తగారూ ఆడబిడ్డలూ దిగారు. ఎండ మండిపోతోంది. "నా కూలర్ చూడండిక" అంటూ రొహేలియో కిటికీలు తెరిచి స్విచ్ వేశాడు. పైన మోటారు మూలిగింది, బెల్టు కాలిన వాసన ఇంట్లోకి దిగింది, చల్లగాలి జాడ లేదు.

"గుడ్డ విప్పలేదా?" అన్నాడు పెళ్ళాన్ని చూసి.

అత్తగారి చేతిలో విసనకర్ర ఆగిపోయింది. "అదేంట్రా, విప్పేది నువ్వే కదా?"

ఒఫీలియా చేతులు తుడుచుకుని పెరట్లోకి వెళ్ళి, నిచ్చెన గోడకి ఆనించింది. అందరూ గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు. రొహేలియో అలవాటుగా వచ్చి కింద ఓ చెయ్యి వేశాడు. ఆమె ఆ చేతిని తీసి పక్కన పెట్టింది.

"నువ్వెక్కు" అంది. "ఈసారి అసలు కష్టం నేను పడతాను."